బడికి హైస్పీడ్ ఇంటర్నెట్ వచ్చి పదకొండు నెలలయింది, పాఠం మాత్రం మారలేదు: లోపం ఎక్కడ ఉంది?

లెక్కల_టీచర్

ఎనిమిది నుంచి పది వరకు తరగతులకు గణితం బోధిస్తాను. మా పాఠశాలకు ఆప్టికల్ ఫైబర్ లైను వచ్చి పదకొండు నెలలయింది. లైను బిగించిన రోజు సాంకేతిక సిబ్బంది తమ ఫోనులో వేగం కొలిచి 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) అని చూపించినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు, వారితో పాటు నేనూ కొట్టాను. మారుమూల ఉన్నామన్న లోటు ఇక తీరిందని, ఏ దేశంలోని మంచి అధ్యాపకుడి పాఠమైనా మా పిల్లల బల్ల మీదికి వస్తుందని మనస్ఫూర్తిగా నమ్మాను.

జరుగుతున్నది వేరు. ముప్ఫై ఆరు ట్యాబ్లెట్లను ఒకేసారి తెరిస్తే చాలామంది తెరల మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. నలభై ఐదు నిమిషాల పీరియడులో పావుగంట లాగిన్లకే సరిపోతోంది. పోయిన వారం ఊర్ధ్వకోణం (పైకి చూసే చూపు అడ్డగీతతో చేసే కోణం) గురించిన వీడియో పెడితే రెండో నిమిషంలోనే ఆగిపోయింది. చివరి వరుసలో కూర్చునే ఒక అమ్మాయి కాసేపు ఎదురుచూసి, ట్యాబ్లెట్‌ను బల్ల మీద బోర్లించి, నోటుపుస్తకం తీసి లెక్కను తనే వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల విసుక్కోలేదు, ఫిర్యాదూ చేయలేదు. అందుకే నాకు మరింత బాధ కలిగింది.

లోపం లైనులో ఉందా, మేము వాడే తీరులో ఉందా, లేక ఇంటర్నెట్ వస్తే చదువు అందరికీ అందుతుందన్న మాటనే మనం అవసరానికి మించి నమ్ముతున్నామా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

తీగల_మనిషి

మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. వేగాన్ని ఏ సమయంలో కొలిచారు? ఎక్కడ నిలబడి కొలిచారు? రౌటర్ ఏ గదిలో ఉంది? లైనులో వచ్చే వేగం వేరు, చివరి బల్ల దగ్గర పిల్లవాడికి అందే వేగం వేరు.

పాత_పలక

ముప్ఫై మూడేళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. టీచర్ గారి మూడో ప్రశ్నకు నా జవాబు, అవును, అవసరానికి మించి నమ్ముతున్నాం. పెరూ దేశం ‘ఒక బిడ్డకు ఒక ల్యాప్‌టాప్’ పథకం కింద లక్షల సంఖ్యలో యంత్రాలను గ్రామీణ పాఠశాలలకు పంపింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో వెలువరించిన అధ్యయనంలో గణితంలో గాని, భాషలో గాని పిల్లల మార్కులు పెరిగిన జాడ కనిపించలేదు. ఆ ధనంతో ఎంతమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వవచ్చో ఆలోచించండి.

గ్రంథాలయం_మెట్లు

పాత_పలక గారూ, మీరు చెప్పిన ఫలితం నిజమే, కాని అది ఇక్కడి ప్రశ్నకు సరిపోదు. అధ్యయనం చేసిన ఆ పాఠశాలల్లో దాదాపు వేటికీ ఇంటర్నెట్ లేదు. యంత్రాన్ని చేతిలో పెట్టి, దాన్ని పాఠంతో ముడిపెట్టకపోతే ఏమవుతుందో ఆ అధ్యయనం చూపించింది. లైను వల్ల ఉపయోగం లేదని దాని నుంచి తేల్చలేం.

పెరూ ఉన్న దక్షిణ అమెరికాలోనే ఉరుగ్వేను చూడండి. అక్కడ 2007లో మొదలైన ప్లాన్ సెయిబాల్ అనే పథకం కూడా ల్యాప్‌టాప్‌ల పంపిణీతోనే ఆరంభమైంది, కాని అక్కడితో ఆగలేదు. ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పగలిగిన ఉపాధ్యాయులు చాలినంత మంది లేరని గుర్తించి, 2012 నుంచి దూరంగా, కొందరైతే వేరే దేశాల్లో ఉన్న ఉపాధ్యాయులతో వీడియో ద్వారా పాఠాలు చెప్పించారు. వారానికి ఒక పాఠం తెర మీది ఉపాధ్యాయుడు చెబితే, మిగిలిన పాఠాలను తరగతిలోని ఉపాధ్యాయుడే నడిపిస్తాడు. ఇంగ్లీషు అంతగా రాని ఆ ఉపాధ్యాయుడు కూడా పిల్లలతో పాటు నేర్చుకుంటాడు. లైను లేకపోతే ఈ పని జరిగేది కాదు.

పాత_పలక

లైను ఉన్న చోటి సంగతి కూడా చెబుతాను. అమెరికాలో 1996 నాటి టెలికం చట్టం ఆధారంగా పాఠశాలల ఇంటర్నెట్ ఖర్చుకు ఈ-రేట్ అనే రాయితీ వచ్చింది. దానివల్ల కాలిఫోర్నియా పాఠశాలల్లో ఇంటర్నెట్ ఉన్న తరగతి గదులు బాగా పెరిగాయి, కాని విద్యార్థుల పరీక్షా ఫలితాల్లో కొలవదగిన మార్పు లేదని ఆర్థికవేత్తలు 2006లో ప్రచురించారు. ఉరుగ్వే గురించి మీరు చెప్పినదాంట్లో నాకు నచ్చింది తరగతిలో ఒక మనిషి నిలబడి ఉండటం.

లెక్కల_టీచర్

తీగల_మనిషి గారూ, రౌటర్ ప్రధానోపాధ్యాయుల గదిలో ఇనుప బీరువా పక్కన ఉంది, భద్రత కోసం అక్కడ పెట్టారు. మా తరగతికీ దానికీ మధ్య రెండు గోడలు ఉన్నాయి. వేగం కొలిచింది సాయంత్రం, పిల్లలు ఇళ్లకు వెళ్లిన తర్వాత, ఆ గదిలోనే. రాస్తుంటే జవాబు నాకే సగం అర్థమవుతోంది.

తీగల_మనిషి

మీకు సగం అర్థమైంది కాబట్టి మిగిలిన సగం వివరంగా చెబుతాను. ఇదే పొరపాటు నేను చూసిన పాఠశాలల్లో పదింట ఏడింటిలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. సాధారణ నాణ్యత గల పాఠం వీడియోకు ఒక్కో ట్యాబ్లెట్‌కు సుమారు 1 ఎంబీపీఎస్ చాలు. ముప్ఫై ఆరు ట్యాబ్లెట్లకు కలిపి 36 ఎంబీపీఎస్ కావాలి. మీ లైను 100 ఇస్తోంది. కాబట్టి లైను మీకు దాదాపు మూడింతలు ఉంది, దాన్ని తప్పుపట్టకండి.

చిక్కంతా గాలిలో ఉంది. వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడాలి, మిగిలినవి తమ వంతు కోసం ఆగాలి. రౌటర్‌కు దూరంగా, గోడల వెనుక ఉన్న ట్యాబ్లెట్‌కు సిగ్నల్ బలహీనంగా అందుతుంది కనుక అది తన మాటను చాలా నిదానంగా చెబుతుంది. అది చెప్పి ముగించే వరకు దగ్గర ఉన్న వేగవంతమైన పరికరాలు కూడా ఎదురుచూడక తప్పదు. తరగతి మొత్తం రెండు గోడల అవతల ఉంటే అందరూ నిదానంగానే మాట్లాడతారు. వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగవంతమైనవే గాని గోడల దగ్గర త్వరగా నీరసిస్తాయి. ఇనుప బీరువా సంగతి చెప్పనక్కరలేదు.

ఇంకొక దొంగ ఉంటాడు. ఉదయం ట్యాబ్లెట్లు తెరవగానే ముప్ఫై ఆరూ ఒకేసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను దించుకోవడం మొదలుపెడతాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపి, రాత్రిపూట జరిగేలా మార్చండి.

రేపు పదకొండు గంటలకు, తరగతి నిండుగా ఉన్నప్పుడు, చివరి బల్ల దగ్గర నిలబడి కొలవండి. మొదటి బల్ల దగ్గర మరొకసారి కొలవండి. ఆ రెండు అంకెలు ఇక్కడ రాయండి.

కిటికీ_పక్క

నేను ఉపాధ్యాయుడిని కాను, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. ఈ చర్చ అంతా బడి గోడల లోపల సాగుతోంది కనుక బయటి మాట ఒకటి చెప్పాలనిపించింది.

పదో తరగతిలో ఉండగా మా పాఠశాలలో నెట్ బాగుండేది. ఇంటి పని కూడా ఆన్‌లైన్‌లోనే ఇచ్చేవారు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రి ఎనిమిదికి తిరిగి వచ్చేది. ఆ తర్వాత అన్నయ్యకు అరగంట, నాకు అరగంట, చెల్లెలికి మిగిలినంత. నా అరగంటలో పేజీ తెరుచుకునేలోపు పది నిమిషాలు పోయిన రోజులు ఉన్నాయి. కొన్నాళ్లు గ్రంథాలయం మూసేశాక దాని వెనుక గోడకు ఆనుకుని నిలబడి, కిటికీలోంచి వచ్చే సిగ్నల్‌తో జవాబులు పంపాను. ఆలస్యంగా పంపానని మార్కులు తగ్గించినప్పుడు కారణం చెప్పడానికి సిగ్గుపడ్డాను.

యూనిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య కలిసి 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 3 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అది చదివినప్పుడు ఆ గోడ పక్కన నేను ఒక్కదాన్నే లేనని తెలిసింది. ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే, బడిలో నెట్ ఉంది కదా అని ఇంటి పనిని నెట్ మీద పెట్టకండి.

లెక్కల_టీచర్

కిటికీ_పక్క గారూ, ఈ ఏడాది మొదటి మూడు నెలలు నేనూ అదే చేశాను. రేపటి నుంచి చేయను.

బిల్లు_కట్టేవాడు

ఒక పాఠశాల నిర్వహణ కమిటీలో కోశాధికారిగా ఉన్నాను. మాకు ఒక దాత సంస్థ రెండేళ్ల పాటు లైను ఖర్చు భరించింది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఇరవై ఐదో నెలలో లైను ఆగిపోయింది, ఎందుకంటే ఆ తర్వాత ఎవరు కట్టాలన్నది ఏ కాగితం మీదా రాసుకోలేదు. పిల్లలకు అలవాటు చేసి తీసేయడం, అసలు ఇవ్వకపోవడం కంటే కష్టంగా ఉంది.

ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏర్పాటు చేసిన బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యం పెట్టింది. ప్రాథమిక స్థాయి ఇంటర్నెట్ ధర, తలసరి నెలసరి ఆదాయంలో 2 శాతం దాటకూడదని, 2025 నాటికి అభివృద్ధి చెందుతున్న దేశాలు అక్కడికి చేరాలని దాని ఉద్దేశం. చాలా పేద దేశాల్లో ధర ఇంకా దానికి పైనే ఉంది. ఇక కరెంటు సంగతి చూడండి. యునెస్కో 2023 విద్యా నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి నాలుగు ప్రాథమిక పాఠశాలల్లో ఒకదానికి విద్యుత్తే లేదు. ఇంటర్నెట్ ఉన్న ప్రాథమిక పాఠశాలలు 40 శాతం మాత్రమే. 2030 నాటికి ప్రతి బడికీ ఇంటర్నెట్ చేర్చాలని యూనిసెఫ్, టెలికమ్యూనికేషన్ సమాఖ్య 2019లో గిగా అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. మంచి సంకల్పం. అయితే లైను వేయడానికి నిధులు దొరికినంత సులభంగా ప్రతి నెలా బిల్లు కట్టడానికి, మూడేళ్లకు ఒకసారి బ్యాటరీలు మార్చడానికి దొరకవు.

సముద్రం_అవతల

బిల్లు_కట్టేవాడు గారి మాటకు మరొకటి కలుపుతాను. లైను ఒకటే అయితే దాని మీద ఎంత ఆధారపడాలో కూడా ఆలోచించాలి. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రగర్భ అగ్నిపర్వతం బద్దలై, ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగిపోయింది. ప్రధాన ద్వీపానికి దాన్ని తిరిగి అతికించడానికి ఐదు వారాలకు పైగా పట్టింది. 2024 మార్చిలో పశ్చిమ ఆఫ్రికా తీరంలో నాలుగు కేబుళ్లు ఒకేసారి దెబ్బతిని, పలు దేశాల్లో ఇంటర్నెట్ కుంటుపడింది. పాఠ్యపుస్తకమంతా తీగకు అవతలే ఉంచితే అలాంటి రోజున బడి చేతిలో ఏమీ మిగలదు.

పాఠం_ప్రతిధ్వని

మాది ఉపగ్రహ ఇంటర్నెట్ మీద నడిచే బడి. కొన్నేళ్ల పాటు భూస్థిర ఉపగ్రహంతోనే (భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేది) దూర పాఠాలు నడిపాము. ఆ ఉపగ్రహం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను, జవాబు తిరిగి రావడానికి మరో పావు సెకను, మధ్యలో యంత్రాల ఆలస్యం అదనం. కాగితం మీద అరసెకను చాలా చిన్నది. తరగతిలో అది ఎలా ఉంటుందో చెబుతాను. అవతలి అధ్యాపకురాలు "అర్థమైందా?" అని అడుగుతుంది. ఇక్కడి పిల్లలు "అయింది" అంటారు. ఆ జవాబు చేరకముందే ఆమె అర్థం కాలేదనుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. నెల తిరిగేసరికి పిల్లలు జవాబు చెప్పడమే మానేసి, తల ఊపడం నేర్చుకున్నారు.

ఇప్పుడు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సేవకు మారాము. ఆలస్యం సెకనులో పదో వంతు కూడా ఉండటం లేదు. మొదటి వారంలోనే పిల్లలు మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేయడం మళ్లీ మొదలైంది. హైస్పీడ్ అంటే అందరూ ఎన్ని మెగాబిట్లు అని అడుగుతారు. మాట ఎంతసేపటికి చేరుతోంది అని కూడా అడగాలి.

అమ్మ_చదువు

నేను ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, పిల్లలు నిద్రపోయాక, రాత్రి పది నుంచి పన్నెండు వరకు కూర్చుని గణాంకశాస్త్రంలో ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాను. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠ్య సామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తామని 2001లో ప్రకటించినప్పుడు నేను చదువు మానేసి ఇంట్లో ఉన్నాను, ఆ వార్త నా చెవిన కూడా పడలేదు. పన్నెండేళ్ల తర్వాత అవే పాఠాలు నాకు ఉద్యోగం ఇచ్చాయి. పాత_పలక గారి అధ్యయనాల్లో నాలాంటి వారు లెక్కలోకి వచ్చారో లేదో తెలియదు గాని, ఇంటర్నెట్ లేకపోతే నాకు రెండో అవకాశం ఉండేది కాదని కచ్చితంగా చెప్పగలను.

పాత_పలక

అమ్మా, మీ పట్టుదలకు నమస్కరిస్తున్నాను. మీలాంటివారు ఎంతమంది అన్నదే నా సందేహం. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద నడిపిన కోర్సుల సమాచారాన్ని పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినది 3.13 శాతం. చేరినవారిలో అధిక భాగం సంపన్న దేశాలవారే. తలుపు తెరిచి ఉంచడం వేరు, లోపలికి చేయి పట్టుకుని తీసుకురావడం వేరు.

అమ్మ_చదువు

ఆ అంకెను నేను కాదనను. అందులోనే, రుసుము కట్టి ధ్రువపత్రం కోసం చేరినవారిలో దాదాపు సగం మంది పూర్తి చేశారని కూడా ఉంది. ఊరికే తొంగిచూసినవారిని, చదవాలని కూర్చున్నవారిని కలిపి లెక్కించడం సరికాదు.

అయినా మీ మాటలో నిజం ఉంది. నేను మొదటి కోర్సును రెండుసార్లు మధ్యలో వదిలేశాను. మూడోసారి పూర్తి చేయడానికి కారణం, అదే కోర్సు చదువుతున్న మరో ముగ్గురు స్త్రీలు పరిచయం కావడం. ప్రతి ఆదివారం రాత్రి నలుగురం ఫోనులో గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. ఎవరైనా ఆ వారం అసైన్‌మెంట్ చేయకపోతే మిగిలిన ముగ్గురూ ఊరుకునేవారు కాదు. నన్ను చేయి పట్టుకుని తీసుకువచ్చింది వాళ్లు. వాళ్లను కలిపింది కూడా ఇంటర్నెట్టే, ఎందుకంటే మేము నలుగురం ఇప్పటికీ ఒకరినొకరం కళ్లారా చూడలేదు.

పాత_పలక

ఈ జవాబు నాకు తృప్తినిచ్చింది.

చేతివేళ్ళ_చూపు

నాకు పుట్టుకతో చూపు లేదు. మీరందరూ ఇంటర్నెట్ చదువుకు ఎంత మేలు చేస్తుందని వాదించుకుంటున్నారు. నా వంటివారికి ఇది చదువుకోవడానికీ, చదువుకోలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా. నా బాల్యంలో బ్రెయిలీ గణిత పుస్తకం అంటే బస్తా బరువు, అది చేరేసరికి విద్యాసంవత్సరం సగం గడిచేది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ 2006లో మొదలైంది, దాన్ని తయారు చేసినవారు చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు. చూపులేనివారికి అనువైన పుస్తకాలను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపుకునే వీలు కల్పించిన మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒక పుస్తకం నా దగ్గరికి నిమిషంలో వస్తుంది, దానికి పెద్ద వేగం కూడా అక్కరలేదు.

అయితే ఉపాధ్యాయులు బోర్డును ఫోటో తీసి సమూహంలో పెడతారు. నా స్క్రీన్ రీడర్ దాన్ని చూసి ‘చిత్రం’ అని ఒక్క మాట పలికి ఊరుకుంటుంది. ఆ పక్కనే రెండు వాక్యాలు టైపు చేస్తే చాలు, నేను తరగతిలో ఉన్నట్టే. లైను ఎంత వేగంగా ఉన్నా ఆ రెండు వాక్యాలు దానంతట అది రాయదు.

నిదానమే_దారి

కోవిడ్ వల్ల పాఠశాలలు మూతబడినప్పటి సంగతి ఎవరూ ఎత్తలేదు. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగిపోయింది. అప్పుడు బోట్స్‌వానాలో ఒక ప్రయోగం చేశారు. వీడియో లేదు, యాప్ లేదు. వారానికి ఒకసారి గణిత సమస్యలను ఎస్ఎంఎస్‌లో పంపి, సుమారు ఇరవై నిమిషాలు ఫోనులో తల్లిదండ్రులతో, బిడ్డతో మాట్లాడారు. ఫోను చేసిన కుటుంబాల పిల్లలు లెక్కల్లో స్పష్టంగా మెరుగయ్యారు, ఎస్ఎంఎస్ మాత్రమే పంపిన చోట అంత ఫలితం రాలేదు. ఈ పరిశోధన 2022లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. వేగం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఉన్నదానితో ఎంత చేయవచ్చో ఇది చెబుతోంది.

తీగల_మనిషి

నిదానమే_దారి గారు చెప్పిన ప్రయోగాన్ని గౌరవిస్తాను. దాన్ని ‘పేదవారికి ఫోను కాల్ చాలు’ అనే వాదనగా ఎవరూ వాడకూడదన్నదే నా భయం. ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి 1951లోనే రేడియో ద్వారా దూర ప్రాంతపు పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు. ఆ రేడియో పాఠాలు ఎంతో మేలు చేశాయి. అయినా రేడియోతోనే సరిపెట్టుకోలేదు, వీలైనప్పుడు ఉపగ్రహం ద్వారా వచ్చే ప్రత్యక్ష వీడియోకు మారారు. ఈ రోజుకు ఉన్నదానితో పాఠం చెప్పాలి, రేపటికి మంచి లైను అడగాలి. ఒకదాని పేరు చెప్పి మరొకదాన్ని వదలకూడదు.

గ్రంథాలయం_మెట్లు

టీచర్ గారికి ఒక ఆచరణ సూచన. మీ దగ్గర మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఉంటే దాన్ని బడి లోపలి సర్వర్‌గా మార్చండి. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాఠాలను, అభ్యాసాలను ఒకసారి దించుకుని బయటి ఇంటర్నెట్ లేకుండానే పిల్లలకు అందిస్తుంది. వికీపీడియా కావాలంటే, దాన్ని దించుకుని నెట్ లేకుండా చదివించే కివిక్స్ ఉంది. లెక్క చూడండి. 200 మెగాబైట్ల వీడియోను ముప్ఫై ఆరు మంది విడివిడిగా చూస్తే 7,200 మెగాబైట్లు బయటి నుంచి రావాలి. రాత్రిపూట ఒక్కసారి సర్వర్‌లోకి దించితే 200 చాలు. లైను తెగిన రోజున కూడా పాఠం ఆగదు కనుక సముద్రం_అవతల గారి ఆందోళనకు కూడా ఇది కొంత జవాబు. మాతృభాషలో ఉన్న పాఠాలను ముందు దించండి, లేనివాటిని మీరే పది నిమిషాల చొప్పున రికార్డు చేసి పెట్టండి.

బిల్లు_కట్టేవాడు

మెట్లు గారి సూచనలో మరో లాభం ఉంది. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2022లో 49 దేశాల ప్రభుత్వాలు ఆమోదించిన 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించి, వాటిలో 89 శాతం పిల్లల సమాచారం విషయంలో వారి హక్కులకు భంగం కలిగించేలా లేదా ఆ ప్రమాదం ఉండేలా నడుస్తున్నాయని తెలిపింది. పాఠం బడి లోపలి పెట్టెలో ఉంటే, ఏ పిల్లవాడు ఏ లెక్క దగ్గర ఆగాడో బయటివారికి తెలియాల్సిన అవసరం ఉండదు.

సముద్రం_అవతల

పాత_పలక గారు కోరిన, తరగతిలో నిలబడే మనిషి సంగతి బ్రెజిల్‌లో బాగా పట్టించుకున్నారు. అమెజోనాస్ రాష్ట్రంలో నదుల వెంట ఉన్న గ్రామాలకు ప్రతి సబ్జెక్టుకూ ఉపాధ్యాయుడిని పంపడం సాధ్యం కాదు. 2007 నుంచి మనౌస్ నగరంలోని స్టూడియోలో సబ్జెక్టు నిపుణులు ఉపగ్రహం ద్వారా పాఠం చెబుతారు. ప్రతి గ్రామ తరగతిలోనూ ఒక ఉపాధ్యాయుడు పిల్లల మధ్య ఉండి, వారి సందేహాలను స్టూడియోకు చేరుస్తాడు. ఆయన అన్ని సబ్జెక్టుల్లో పండితుడు కానక్కరలేదు, ఎవరికి అర్థం కాలేదో ముఖం చూసి పోల్చుకోగలిగితే చాలు.

పాత_పలక

నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇటువంటి లైనుకు నేను అడ్డు చెప్పను.

లెక్కల_టీచర్

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

ముందు కొలతలు. ఉదయం పదకొండు గంటలకు, తరగతి నిండుగా ఉన్నప్పుడు, ప్రధానోపాధ్యాయుల గదిలో 61 ఎంబీపీఎస్, మా మొదటి బల్ల దగ్గర 9, చివరి బల్ల దగ్గర 2.8. అదే సమయంలో ట్యాబ్లెట్లు తెరిచి చూస్తే ఇరవై రెండు ట్యాబ్లెట్లు అప్‌డేట్లు దించుకుంటూ కనిపించాయి.

తీగల_మనిషి గారు చెప్పినట్టు అప్‌డేట్లను రాత్రికి మార్చాము. గోడకు చిన్న రంధ్రం చేసి కేబుల్ లాగి, మా తరగతి పైకప్పుకు ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంపే పెట్టె) బిగించాము. గ్రంథాలయం_మెట్లు గారు చెప్పినట్టు సైన్సు గదిలో దుమ్ముపట్టి ఉన్న కంప్యూటర్‌ను ఇద్దరు విద్యార్థులు శుభ్రం చేసి సర్వర్‌గా మార్చారు. నా గొంతుతోనే మూడు చిన్న పాఠాలు రికార్డు చేసి అందులో పెట్టాను. బోర్డు ఫోటోల కింద వివరణ టైపు చేయడం కూడా మొదలుపెట్టాను.

నిన్న ఊర్ధ్వకోణం పాఠాన్ని మళ్లీ పెట్టాను. లాగిన్లకు మూడు నిమిషాలు పట్టింది. చివరి వరుస అమ్మాయి గాలిపటం లెక్క దగ్గర వీడియోను ఆపి, వెనక్కి జరిపి మూడుసార్లు చూసింది. తర్వాత చేయెత్తి, "దారం తిన్నగా గీశారు గాని, నిజంగా గాలిపటం ఎగరేస్తే దారం కిందికి వంగి ఉంటుంది కదా, అప్పుడు ఈ ఎత్తు సరిగ్గా వస్తుందా?" అని అడిగింది. వీడియోలో దానికి జవాబు లేదు. మిగిలిన ఇరవై నిమిషాలు ఒక తాడును బోర్డుకు, తలుపు గడియకు కట్టి, దాన్ని బిగిస్తూ వదులుతూ కొలుస్తూ గడిపాము. తరగతి మొత్తం లేచి వచ్చి చుట్టూ నిలబడింది.

తీగల_మనిషి

మిగిలిన రెండు తరగతులకు కూడా కేబుల్ ఇప్పుడే లాగించండి, వర్షాలు మొదలైతే గోడకు రంధ్రాలు చేయడం కష్టం. రౌటర్‌కు, సర్వర్‌కు కలిపి ఒక యూపీఎస్ పెట్టారా?

లెక్కల_టీచర్

ఇంకా లేదు. దాని ఖర్చు, నెలవారీ బిల్లు రెండూ ఎవరు భరించాలో శనివారం నిర్వహణ కమిటీ సమావేశంలో తీర్మానంగా రాయిస్తున్నాము. బిల్లు_కట్టేవాడు గారూ, మీ కమిటీ ఇప్పుడు వాడుతున్న తీర్మానం నమూనా ఉంటే ఇక్కడ పెట్టండి.